చిన్న వాట్ల ట్యూబ్ యాంప్‌కి స్పీకర్లు ఎంచుకోవడం ఎలా: లెక్కలు, కొలతలు, కొనేముందు పరీక్షలు

"అన్నా, 2ఏ3 యాంప్ తీసుకున్నా, దీనికి ఏ బాక్సులు కొనమంటావ్" అని ఈమధ్య వారానికి ఒకరైనా అడుగుతున్నారు (2ఏ3 అంటే ఒక రకం ట్యూబ్, అంటే పాత రేడియోల్లో ఉండే వాల్వ్ లాంటిది). నేను తిరిగి అడిగేది ఎప్పుడూ అవే మూడు ప్రశ్నలు, గది ఎంత, ఎంత దూరంలో కూర్చుంటావ్, ఇప్పుడున్న స్పీకర్ వెనక ఏం రాసుంది అని. సగంమంది దగ్గర జవాబుండదు. అందుకే ఒకేసారి మొత్తం రాసేస్తున్నా. ట్యూబ్ గొప్పా ట్రాన్సిస్టర్ గొప్పా అన్న పంచాయితీ ఇక్కడ లేదు, యాంప్ ఆల్రెడీ మీ ఇంట్లో ఉంది, పది వాట్ల లోపే ఇస్తుంది అనుకునే రాస్తున్నా.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ తగిలించకుండా ఆన్ చేసి పాట పెట్టొద్దు. లోడ్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగబాకి వైండింగ్ కాలిపోవచ్చు, స్పీకర్ల కంటే దానికే ఎక్కువ ఖర్చవుతుంది. స్పీకర్ మార్చాలంటే యాంప్ ఆఫ్ చేసి, కాసేపు ఆగి, అప్పుడు వైరు పీకండి. లోపల 300, 400 వోల్టులు తిరుగుతుంటాయి, ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో కొంత మిగిలుంటుంది, కాబట్టి మూత తియ్యాల్సిన పని ఏదొచ్చినా తెలిసినవాళ్ళ చేతికే ఇవ్వండి.

1. మీ యాంప్ నిజంగా ఎన్ని వాట్లో తేల్చుకోండి

డబ్బా మీద అంకె కాదు, లోపల ఏ ట్యూబ్ ఉందో చూడండి. సింగిల్ ఎండెడ్ యాంపుల్లో (మామూలుగా ఛానెల్‌కి ఒకే అవుట్‌పుట్ ట్యూబ్ ఉండేవి) సుమారుగా ఇలా ఉంటుంది:

- 45 ట్యూబ్: ఒకటిన్నర నుంచి 2 వాట్లు
- 2ఏ3: మూడున్నర
- 6వీ6, ఈఎల్84: 4 నుంచి 5, ట్రయోడ్ మోడ్‌లో పెడితే అందులో సగం
- 300బీ: 8 దాకా

ఈఎల్84 జతతో పుష్ పుల్ యాంప్ (రెండు ట్యూబులు చెరో సగం పని పంచుకునేది) అయితే 10 నుంచి 15 వస్తుంది, వాళ్ళు ఈ వ్యాసంలో సగం కష్టాలు పడక్కర్లేదు.

ఇప్పుడు వాట్లని డీబీల్లోకి (డెసిబెల్, సౌండ్ ఎక్కువతక్కువల్ని కొలిచే లెక్క) మార్చుకోండి, ఇక ముందు లెక్కంతా డీబీల్లోనే. 1 వాటంటే 0, 2 అంటే 3, మూడున్నర అంటే 5.4, 4 అంటే 6, 8 అంటే 9, 10 అంటే 10. వాట్లు రెట్టింపు చేస్తే వచ్చేది 3 డీబీ మాత్రమే, చెవికి సౌండ్ రెట్టింపైనట్టు తెలియాలంటే 10 డీబీ కావాలి, అంటే వాట్లు పది రెట్లు. ఇది ఒంటబడితే మిగతాదంతా సులువు. 2ఏ3 అమ్మేసి 300బీ కొంటే మీకొచ్చేది మూడున్నర డీబీ. స్పీకర్‌కి కూడా డీబీ అంకె ఉంటుంది, 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పేది, దాన్నే సెన్సిటివిటీ అంటారు. 86 డీబీ స్పీకర్ తీసేసి 96 డీబీది పెడితే పది రెట్ల యాంప్ కొన్నట్టే.

2. మీరు వినే సౌండ్‌కి ఎంత పవర్ కావాలో కొలవండి

ఈ పని ఎవరూ చెయ్యరు, కానీ అరగంటలో అయిపోతుంది. కావాల్సింది ఒక మల్టీమీటర్, ఇంట్లో ఇప్పటికే ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్ లేదా పాత స్టీరియో, దానికున్న స్పీకర్లు.

- ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 120 హెర్ట్జ్ సైన్ టోన్ తయారు చేసుకోండి, యాంప్లిట్యూడ్ 0.25 పెట్టండి, అంటే ఫుల్ లెవెల్‌కి 12 డీబీ కింద.
- టోన్ కంట్రోల్స్ మధ్యలో పెట్టి, లౌడ్‌నెస్ బటన్ ఆఫ్ చేసి, మీకిష్టమైన పాట పెట్టి మీరు ఎప్పుడైనా వినే గరిష్ఠ వాల్యూమ్‌కి తీసుకెళ్ళండి. పక్కింటివాళ్ళు లేని ఆదివారం వాల్యూమ్ అన్నమాట.
- నాబ్ ముట్టుకోకుండా పాట ఆపి, యాంప్ ఆఫ్ చేసి స్పీకర్ వైర్లు తీసెయ్యండి. ఇది ట్రాన్సిస్టర్ యాంప్‌కి మాత్రమే, ట్యూబ్‌తో చెయ్యొద్దు.
- మళ్ళీ ఆన్ చేసి టోన్ ప్లే చేసి, ఒక ఛానెల్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టులు చూడండి. ప్రోబ్‌లు ఒకదానికొకటి తగలనివ్వకండి.
- వచ్చిన వోల్టుల్ని 4తో గుణించి, దాన్ని దానితోనే గుణించి, స్పీకర్ ఓమ్స్‌తో (స్పీకర్ వెనక రాసుండే 4, 8 లాంటి అంకె) భాగించండి.

ఉదాహరణకి మీటర్ 0.9 చూపిస్తే 3.6 అవుతుంది, 8 ఓమ్స్‌కి 1.6 వాట్లు. అంటే ఇప్పుడున్న స్పీకర్లతోనే మూడున్నర వాట్ల యాంప్ సరిపోతుంది, ఏమీ కొనక్కర్లేదు, సంతోషంగా ఇంట్లో కూర్చోండి. అదే 3.2 చూపిస్తే 12.8 అవుతుంది, అంటే 20 వాట్లు, అంటే 13 డీబీ. మీ 2ఏ3 ఇచ్చేది 5.4. తేడా ఏడున్నర డీబీ పైచిలుకు. ఇప్పటి స్పీకర్ 86 అయితే కొత్తది కనీసం 94 ఉండాలి. ఊహ కాదు, మీ చెవి, మీ గది, మీ పాటలతో వచ్చిన అంకె ఇది.

మల్టీమీటర్ లేనివాళ్ళకి అడ్డదారి ఒకటుంది. స్పీకర్ డీబీ, యాంప్ డీబీ కలపండి. 8 అడుగుల దూరంలో కూర్చుంటే 2 తీసెయ్యండి, రెండు స్పీకర్లు కలిసి ఇచ్చేది కలుపుకుని, దూరానికి పోయేది తీసేసిన నికర లెక్క ఇది. 12 అడుగులైతే 4 లేదా 5 తీసెయ్యండి, 6 అడుగులైతే ఏమీ తియ్యక్కర్లేదు. మొత్తం 95 దాటితే హాయి, 90 దగ్గరుంటే మెల్లగా వినే పాత పాటలకి సరిపోతుంది, అంతకంటే తక్కువైతే వొద్దు.

3. సెన్సిటివిటీ అంకెని అలాగే నమ్మొద్దు

స్పెక్ షీట్ మీద 1 వాట్, 1 మీటర్ అని ఉంటే సరే. 2.83 వోల్టులు, 1 మీటర్ అని ఉంటే ఆగండి. 8 ఓమ్స్ స్పీకర్‌కి 2.83 వోల్టులంటే కచ్చితంగా 1 వాటే, కానీ 4 ఓమ్స్ స్పీకర్‌కి అది 2 వాట్లు. కాబట్టి 4 ఓమ్స్ స్పీకర్ మీద 89 అని రాసుంటే మీ లెక్కకి అది 86. ట్రాన్సిస్టర్ వాళ్ళకి ఈ తేడా పట్టదు, మనకి మాత్రం 3 డీబీ అంటే సగం యాంప్.

ఇంకో మెలిక, కొన్ని కంపెనీలు బయట ఖాళీలో కాకుండా గదిలో గోడల సాయంతో వచ్చే అంకె వేస్తాయి. అలాంటిచోట నేను 3 డీబీ తగ్గించుకునే చూస్తా. ఎవరైనా బయటివాళ్ళు కొలిచిన గ్రాఫ్ దొరికితే దాన్నే నమ్మండి.

మరి ఎక్కువ సెన్సిటివిటీ ఎక్కడినుంచి వస్తుంది? చిన్నప్పుడు పెళ్ళికి వేపచెట్టు మీద మైకుసెట్ గొట్టం కట్టేవాళ్ళు గుర్తుందా, కింద వాల్వ్ యాంప్ ఒకటి పెట్టి. అంతచేసి అది మహా పెద్ద యాంపేం కాదు, అయినా పక్క ఊళ్ళో పొలంలో ఉన్నవాడికి కూడా పెళ్ళి ఎవరింట్లోనో తెలిసిపోయేది. హార్న్ మహిమ అది. కానీ ఆ గొట్టంలోంచి డోలు చప్పుడు ఎప్పుడైనా డోలులా వినిపించిందా? బాక్స్ చిన్నది, బేస్ లోతుగా, సెన్సిటివిటీ ఎక్కువ, ఈ మూడిట్లో రెండే దొరుకుతాయి. ఎవరైనా చేతిలో పట్టే బాక్స్ చూపించి 96 డీబీ, 40 హెర్ట్జ్ దాకా దిగుతుంది అంటే నవ్వేసి టీ తాగి వచ్చెయ్యండి.

4. ఇంపిడెన్స్: అసలు దెబ్బ తగిలేది ఇక్కడే

డీబీ అందరూ చూస్తారు, ఇంపిడెన్స్ గీత ఎవరూ చూడరు. ఇంపిడెన్స్ అంటే స్పీకర్ కరెంటుకి ఇచ్చే అడ్డు, ఓమ్స్‌లో కొలుస్తారు, ఏ ఫ్రీక్వెన్సీలో అది ఎంతో చూపించే గ్రాఫే ఆ గీత. నేనూ చూడలేదు.

నా మొదటి ట్యూబ్ యాంప్ 6వీ6 సింగిల్ ఎండెడ్, 4 వాట్లు. ఒక షాపులో "86 డీబీ సార్, మీ రూంకి చాలు" అంటే చిన్న బుక్‌షెల్ఫ్ జత తెచ్చుకున్నా. గాత్రం ఒక్కటే పెట్టినప్పుడు బ్రహ్మాండం, రెండు రోజులు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ వినిపించా. మూడో రోజు కచేరీ పెట్టా. మృదంగం కుడిచేతి "నం" శుభ్రంగానే ఉంది, ఎడమ మూత మీద "తొం" పడ్డప్పుడల్లా మాత్రం పాడేవాడి గొంతు ఒక్క క్షణం కుంగి మళ్ళీ లేస్తోంది, ఎవరో వీపు మీద చరుస్తుంటే పాడుతున్నట్టు. ట్యూబ్ పోయిందనుకుని ట్యూబులు మార్చా, కేబుల్ మార్చా. చివరికి స్పీకర్ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ ఓమ్స్‌లో పెడితే 3.3 చూపించింది. అది 4 ఓమ్స్ స్పీకర్, ఆ 86 కూడా 2.83 వోల్టుల లెక్క, నాకు నికరంగా 83. పైగా వైరు 8 ఓమ్స్ ట్యాప్‌కి (యాంప్ వెనక 4, 8 అని వేరువేరుగా ఉండే స్పీకర్ కనెక్షన్) తగిలించి ఉంది.

కాబట్టి ముందు ఈ పరీక్ష చెయ్యండి, స్పీకర్ వైరు తీసి, మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి టెర్మినల్స్‌కి తాకించండి. ఐదున్నర నుంచి 7 లోపు వస్తే 8 ఓమ్స్ స్పీకర్. 3, మూడున్నర వస్తే వెనక ఏం రాసున్నా 4 ఓమ్స్ కిందే లెక్క. 11, 12 వస్తే 16 ఓమ్స్, అదృష్టవంతులు.

రెండోది, గీత ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చూడాలి. స్పీకర్ ఇంపిడెన్స్ ఒకేచోట ఉండదు, బేస్‌లో ఒక గుట్ట, రిఫ్లెక్స్ బాక్సయితే (గాలి రంధ్రం ఉన్నది) రెండు గుట్టలు, క్రాసోవర్ (సౌండ్‌ని పెద్ద కోన్‌కీ ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) దగ్గర ఇంకోటి. ట్రాన్సిస్టర్ యాంప్ సొంత ఇంపిడెన్స్ దాదాపు సున్నా కాబట్టి దానికి లెక్కలేదు. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పు దిద్దుకునే ఏర్పాటు) లేని ట్రయోడ్ (2ఏ3, 300బీ లాంటి ట్యూబ్) యాంప్‌కి అది 2, 3 ఓమ్స్ ఉంటుంది. స్పీకర్ ఒకచోట 4 ఓమ్స్, ఇంకోచోట 30 ఓమ్స్ అనుకోండి, 3 ఓమ్స్ యాంప్‌తో ఆ రెండు చోట్ల మధ్య 4 డీబీ తేడా వచ్చేస్తుంది. అంటే మీకు తెలీకుండానే ఎవరో ఈక్వలైజర్ తిప్పేసినట్టు. "ఈ యాంప్ ఈ స్పీకర్‌తో భలే వామ్‌గా ఉంది, దాంతో మాత్రం గీరుతోంది" అని మనం చెప్పుకునే కథల్లో సగం ఇదే.

గ్రాఫ్‌లో వెతకాల్సినవి:

- ఎక్కడా 6 ఓమ్స్ కిందికి దిగకపోతే మంచిది, 4 కిందికి దిగితే వదిలెయ్యండి
- బేస్ గుట్టలు తప్ప, 150 హెర్ట్జ్ పైన గీత వీలైనంత చదునుగా ఉండాలి
- ఫేజ్ గీత (వోల్టేజికి కరెంటు ఎంత ముందో వెనకో నడుస్తుందో చూపేది) కూడా వేసుంటే, ఇంపిడెన్స్ తక్కువున్న చోటే ఫేజ్ బాగా ఒరిగిపోతే ఆ స్పీకర్ మనకి బరువు

ఎల్ఎస్3/5ఏ అని బీబీసీ వాళ్ళ చిన్న మానిటర్ ఉంది, సెన్సిటివిటీ 82, 83 మాత్రమే. లెక్క ప్రకారం చూస్తే మనం దాని దరిదాపులకే వెళ్ళకూడదు, కానీ పాత వెర్షన్ 15 ఓమ్స్. చిన్న గదిలో 5 అడుగుల దూరంలో 300బీతో మెల్లగా వినేవాళ్ళకి అది హాయిగా నడుస్తుంది. అదే 88 డీబీ ఉండి 3 ఓమ్స్‌కి పడిపోయే నిలువు టవర్ స్పీకర్ 300బీని ఏడిపిస్తుంది. అందుకే 90, 91 దగ్గర ఉన్నా ఇంపిడెన్స్ బుద్ధిగా ఉన్న స్పీకర్‌నే నేను తీసుకుంటా.

5. ఏ రకం స్పీకర్లు

ఫుల్ రేంజ్ ఒకే డ్రైవర్ (సౌండ్ అంతా ఒక్క కోన్ నుంచే వచ్చేవి): క్రాసోవర్ లేదు కాబట్టి యాంప్‌కి సులువు, గాత్రం, వీణ ఎదురుగా కూర్చున్నట్టుంటాయి. కానీ ఫోస్టెక్స్ ఎఫ్ఈ103 లాంటి 4 అంగుళాలవి 89 డీబీ దగ్గరే ఉంటాయి, 8 అంగుళాల ఎఫ్ఈ206కి వెళ్తే 96 వస్తుంది, బాక్స్ మాత్రం బీరువా సైజుకి పెరుగుతుంది. చాలావాటిలో 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఒక అరుపు ఉంటుంది, నాదస్వరం పెడితే వెంటనే తెలిసిపోతుంది. మనదేశంలో కొచ్చిలో రెథమ్ వాళ్ళు ఈ తరహావే చేస్తారు, వీలైతే ఒకసారి వినండి.

హార్న్: క్లిప్ష్ హెరెసీకి కంపెనీ ఇచ్చే అంకె 99, కార్న్‌వాల్‌కి 102. లెక్కలో కాస్త తగ్గించుకున్నా 2ఏ3కి ఎక్కువే. కాకపోతే మార్బుల్ నేల, నున్నటి గోడలున్న మన హాళ్ళలో ఇవి కొంచెం కొట్టొచ్చినట్టుంటాయి.

పెద్ద పేపర్ కోన్ టూ వే: 10, 12 అంగుళాల తేలికపాటి కోన్, పక్కన ట్వీటర్, సాదా క్రాసోవర్. డివోర్ ఓ/96 లాంటివి 96 డీబీ, 10 ఓమ్స్. ఎవరైనా నన్ను ఒక్క రకం చెప్పమంటే ఇదే చెప్తా, అన్ని రకాల పాటలకీ సర్దుకుపోతుంది.

సొంతంగా చేయించుకోవాలనుకునేవాళ్ళు వడ్రంగికి డ్రాయింగ్ ఇచ్చి 18 మిల్లీమీటర్ల ప్లైతో చేయించండి, ఎండీఎఫ్ వొద్దు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వైపు. ఉప్పుగాలి తేమకి రెండు వానాకాలాల్లో అంచులు ఉబ్బుతాయి.

6. బేస్ సంగతి

చిన్న యాంప్ పవరంతా తినేసేది బేసే. అది వేరేవాళ్ళకి అప్పగిస్తే 4 వాట్లు కూడా సముద్రంలా ఉంటాయి. పవర్డ్ సబ్ (సొంత యాంప్ ఉన్న బేస్ స్పీకర్) ఒకటి పెట్టి, ట్యూబ్ యాంప్‌కి ముందున్న ప్రీయాంప్ అవుట్ నుంచి దానికి లైన్ ఇచ్చి, ట్యూబ్ యాంప్ ఇన్‌పుట్‌లో సిగ్నల్ వైరుకి ఒక చిన్న ఫిల్మ్ కెపాసిటర్ సిరీస్‌లో పెట్టాలి. యాంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 100 కిలో ఓమ్స్ అయితే 0.022 మైక్రోఫారడ్ పెడితే 72 హెర్ట్జ్ కింద నుంచి బేస్ మెల్లగా తగ్గుతూ వస్తుంది. 50 కిలో ఓమ్స్ అయితే దానికి రెట్టింపు విలువ. ఆర్సీఏ ప్లగ్ లోపలే సోల్డర్ చేసుకోవచ్చు, యాంప్ విప్పక్కర్లేదు.

7. మరీ ఎక్కువ డీబీ కూడా తలనొప్పే

యాంప్‌లో 1 మిల్లీవోల్ట్ హమ్ (పాట లేకపోయినా వచ్చే గుయ్ మనే చప్పుడు) ఉందనుకోండి. 88 డీబీ స్పీకర్‌లో అది 19 డీబీ, వినపడదు. 100 డీబీ స్పీకర్‌లో 31, రాత్రి పడుకునే వేళ తుమ్మెద దూరినట్టుంటుంది. 2ఏ3, 300బీల్లో ఫిలమెంట్‌కి (ట్యూబ్ లోపల వేడెక్కే తీగ) ఏసీ ఇచ్చే యాంపులకి ఇది మామూలే. కాబట్టి 105 డీబీ స్పీకర్లకి వెళ్ళేముందు ఇప్పుడున్న స్పీకర్‌కి చెవి ఆనించి, పాట లేకుండా హమ్ ఎంతుందో వినండి. యాంప్ వెనక హమ్ పాట్ (హమ్ తగ్గించే చిన్న నాబ్) ఉంటే తిప్పి తక్కువ దగ్గర ఆపండి. ప్లగ్ మూడో పిన్‌కి నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, చాలా ఇళ్ళల్లో పిన్ ఉంటుంది, దాని వెనక ఏమీ ఉండదు.

8. గది

నేల మీద జంపఖానా, ఒక గోడకి పుస్తకాల షెల్ఫో నిండు కర్టెనో, ఈ రెండూ లేకుండా ఏ స్పీకర్ గురించీ తీర్పు చెప్పొద్దు. బేస్ పల్చగా ఉంటే స్పీకర్‌ని గోడకి దగ్గర జరపండి, మూలకి జరిపితే ఇంకా పెరుగుతుంది, ఉచితంగా వచ్చేదాన్ని వదులుకోవడం ఎందుకు.

ఫ్యాన్ సంగతి మర్చిపోకండి. మా హాల్లో ఫ్యాన్ 5లో తిరుగుతుంటే ఫోన్ యాప్‌లో 50 దగ్గర చూపిస్తుంది, 2లో పెడితే 40కి దిగుతుంది. ఆ తేడా 10 డీబీ, అంటే పది రెట్ల యాంప్ అని పైనే చెప్పా కదా.

9. వినడానికి వెళ్ళినప్పుడు

మీ యాంప్ మోసుకెళ్ళండి. బరువుగా ఉంటుంది, నడుం పట్టేస్తుంది, అయినా సరే. షాపులో 100 వాట్ల యాంప్‌తో వినిపించింది మీకు పనికిరాదు.

- గాత్రం ఒక్కటే, తర్వాత పక్కవాద్యాలతో, తర్వాత తని ఆవర్తనం (మృదంగం లాంటి వాద్యాల సోలో), ఈ వరసలోనే వినండి
- ఇళయరాజా పాట ఏదైనా బేస్ గిటార్ బాగా నడిచేది ఒకటి, దాని మీద గొంతు నిలకడగా ఉందా
- వాల్యూమ్ పెంచుతూ పోండి. ట్యూబ్ యాంప్ క్లిప్ అయితే టపటపమని చెప్పదు, సౌండ్ చిక్కబడుతుంది, వాద్యాలు ఒకదానిమీద ఒకటి పడతాయి, నాబ్ తిప్పినా సౌండ్ పెరగదు. ఆ పాయింట్ మీ ఆదివారం వాల్యూమ్ కంటే పైన ఉండాలి
- కనీసం గంటసేపు కూర్చోండి. మొదటి పది నిమిషాల్లో మెరిసిన స్పీకరే గంట తర్వాత చెవి నొప్పి పుట్టించొచ్చు

పాతవి కొంటుంటే కోన్ చుట్టూ అంచు చూడండి. ఫోమ్ అంచైతే మన తేమకి పొడి అయిపోతుంది, బట్ట అంచయితే ఏళ్ళు నిలుస్తుంది. రెండు చేతులతో కోన్‌ని సమానంగా మెల్లగా లోపలికి నొక్కండి, గర్రుమని రాసుకున్న చప్పుడొస్తే కాయిల్ పక్కకి జరిగింది, వదిలెయ్యండి.

10. ఇంటికి తెచ్చాక

ముందు స్పీకర్‌కి సరిపోయే ట్యాప్‌కి తగిలించండి, 8కి 8. వారం విన్నాక 8 ఓమ్స్ స్పీకర్‌ని 4 ట్యాప్‌లో పెట్టి చూడండి, కాస్త పవర్ తగ్గుతుంది కానీ డ్యాంపింగ్ (కోన్ అదనంగా ఊగకుండా యాంప్ పట్టి ఉంచడం) పెరిగి బేస్ బిగుస్తుంది. 4 ఓమ్స్ స్పీకర్‌ని 8 ట్యాప్‌కి పెట్టడం మాత్రం నేను చేసిన తప్పు, మీరు చెయ్యకండి.

బేస్ బుడబుడమంటుంటే: 4 ట్యాప్, అప్పటికీ తగ్గకపోతే రిఫ్లెక్స్ రంధ్రంలో పాత సాక్స్ కుక్కి చూడండి.

గీరుతుంటే: స్పీకర్ మొహం మీవైపు నేరుగా కాకుండా కొంచెం పక్కకి తిప్పండి, జంపఖానా ముందుకి లాగండి, ట్యూబులు మార్చడం ఆఖరున.

ఒక పక్క సౌండ్ తక్కువైతే: ఎడమ కుడి స్పీకర్ వైర్లు మార్చండి, ముందు యాంప్ ఆఫ్ చేసి. తక్కువ సౌండ్ కూడా పక్కకి మారితే తప్పు యాంప్ వైపు, అదే స్పీకర్‌తో ఉండిపోతే స్పీకర్‌ది. ఈ రెండు నిమిషాల పని చెయ్యకుండా స్పీకర్లు అమ్మేసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.